పెన్‌డ్రైవులో తప్పిపోయిన ఫైళ్ళు

ఉన్నత పాఠశాలలో పదవ తరగతి మార్కుల పట్టిక తయారైనది. సంవత్సరము పొడవునను జరిగిన పరీక్షలలో నూరుమంది విద్యార్థులకు వచ్చిన మార్కులు అందులో చేరినవి. ఉపాధ్యాయుడు దానిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించి, తెరమీది పచ్చని గీత చివరివరకు నిండగానే ఊడబెరికి, అచ్చు తీయించుటకై బజారులోని నెట్ సెంటరుకు పోయెను. అచట గ్రుచ్చగా కంప్యూటరు మార్కుల పట్టికను చూపలేదు. ఈ డిస్కును వాడవలెనన్నచో ముందుగా ఫార్మాట్ చేయవలెనని, చేయుమందురా యని అడిగినది.

కంప్యూటరుతో పనిబడిన ప్రతి పాఠశాలకును ఎప్పుడో ఒకప్పుడు ఇట్టి అనుభవము కలుగుచునే యున్నది. మార్కుల రిజిస్టరు కాగితముమీద ఉన్నచో రెండు రాత్రులు మేల్కొని పట్టికను మరల ఎక్కించుకొనవచ్చును. కాని పదేండ్లుగా కూర్చుకొన్న ప్రశ్నపత్రములు, వార్షికోత్సవపు ఫొటోలు, బడి మానిన పిల్లలను గూర్చి ఇల్లిల్లు తిరిగి సేకరించిన వివరములు అట్లు మరల రావు. అవి నిజముగా నశించినవా? నశింపనిచో ఎచట నున్నవి? ఈ ప్రశ్నలకు సమాధానము పెన్‌డ్రైవు పనిచేయు విధానములోనే ఉన్నది.

ముందుగా ఒక్క మాట చెప్పుకొనవలెను. ఇట్టి సందర్భములలో పోవునది సాధారణముగా ఫైలు కాదు. ఫైలు ఎచట ఉన్నదో తెలుపు లెక్క పోవును. ఈ రెంటికిని గల భేదము తెలిసినవాడు తన ఫైళ్ళను దక్కించుకొనుటకు అవకాశము కలదు. తెలియనివాడు మిగిలియున్న ఫైళ్ళను తన చేతులతోనే చెరిపివేయుటయు కలదు.

ఎలక్ట్రానులకు చెరసాల

సాధారణమైన పెన్‌డ్రైవును విప్పి చూచినచో చిన్న పలకమీద రెండు ముఖ్యమైన నల్లని చిప్పులు కనబడును. ఒకటి సమాచారమును దాచునది. దానిని ఫ్లాష్ మెమరీ యందురు. రెండవది కంట్రోలరు, కంప్యూటరుతో సంభాషించుటయు, ఏ సమాచారమును ఎచట ఉంచవలెనో నిర్ణయించుటయు దాని పని.

ఫ్లాష్ మెమరీలో కోట్లకొలది ట్రాన్సిస్టర్లు బారులు తీరియుండును. ప్రతి ట్రాన్సిస్టరులోను అన్నివైపుల విద్యుద్బంధకముచే చుట్టబడిన సూక్ష్మమైన ద్వీపమొకటి యుండును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1967లో ఇట్టి ట్రాన్సిస్టరును ప్రతిపాదించిరి. తగినంత అధికమైన వోల్టేజి నుపయోగించినచో ఎలక్ట్రానులు పలుచని బంధకపు పొరగుండా సొరంగములో దూరినట్లు దూరి ద్వీపమును చేరును. గోడకు రంధ్రము లేకుండగనే అవతలికి పోగల ఈ విచిత్రమును క్వాంటం శాస్త్రము వివరించినది. వోల్టేజి తీసివేసిన పిమ్మట ఎలక్ట్రానులు బయటికి రాలేక అచటనే చిక్కుబడును. ద్వీపములో ఎలక్ట్రానులు ఉన్నచో ఒక సంకేతము, లేనిచో మరియొక సంకేతము. ఒకటి, సున్న అను రెండంకెలను గుర్తించుటకు ఇంతమాత్రము చాలును. ఇటీవలి చిప్పులలో అనేకమునందు ద్వీపమునకు మారుగా ఎలక్ట్రానులను పట్టియుంచు బంధకపు పొరనే వాడుచున్నారు; సూత్రము మాత్రము మారలేదు.

జపానులోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఓకా ఈ ట్రాన్సిస్టర్లను గుంపులు గుంపులుగా ఒక్కసారి చెరిపివేయు పద్ధతిని 1984లో ప్రకటించెను. ఆ చెరిపివేత ఫొటోలు తీయువారి దీపము తళుక్కుమనుటను తలపించుటచే సహచరుడొకడు ‘ఫ్లాష్’ అను పేరు సూచించెనని చెప్పుదురు. 2000 సంవత్సరమునాటికి ఇట్టి చిప్పులతో చేసిన పెన్‌డ్రైవులు అంగళ్ళకు వచ్చినవి. తొలినాటివానిలో 8 మెగాబైట్లు మాత్రమే పట్టెడివి. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఫొటోలు రెండు మూడు చేరినచో అది నిండిపోవును.

ఇందు విద్యార్థులు గమనింపవలసిన విషయ మేమనగా, చెరలోని ఎలక్ట్రానులకు విద్యుత్తుతో పనిలేదు. పెన్‌డ్రైవును జేబులో వేసికొని తిరిగినను అవి ఏండ్ల తరబడి అటులనే యుండును. కావున కంప్యూటరు నుండి ఊడబెరికినంత మాత్రమున అంతకుముందు వ్రాయబడియున్న ఫైళ్ళలోని ఒక్క ఎలక్ట్రానైనను జారిపోదు.

ఊడబెరుకుట విద్యుత్తు రీత్యా అపాయకరమనియు, చిప్పు కాలిపోవుననియు కొందరు భయపడుదురు. అదియు నిజము కాదు. మామూలు పెన్‌డ్రైవు మొనలోనికి చూచినచో నాలుగు పసుపుపచ్చని లోహపు పట్టీలు కనబడును. ఇరుప్రక్కల ఉన్న రెండును విద్యుత్తునకు. మధ్యనున్న రెండును సమాచారమునకు. ప్రక్కపట్టీలు మధ్యవానికంటె కొంచెము పొడవుగా నుండుట కంటితోనే చూడవచ్చును. గ్రుచ్చునపుడు ముందుగా విద్యుత్తు తగులును. తీయునపుడు విద్యుత్తు చిట్టచివర విడును. యంత్రము నడుచుచుండగానే తగిలించుటకును తీయుటకును అనువుగా ఈ యు.ఎస్.బి. పద్ధతిని మొదటినుండియు రూపొందించినారు. 1996లో దాని తొలి ప్రమాణము వెలువడినది. దానిని రూపొందించిన ఇంటెల్ సంస్థ నిపుణులలో వడోదరలో చదివిన అజయ్ భట్ ప్రముఖుడు.

మరి చిక్కు ఎచట వచ్చినది?

తపాలా పెట్టెలో వేసిన ఉత్తరము

ఉత్తరమును తపాలా పెట్టెలో వేసినంతనే అది బంధువుల కందినట్లు కాదు. పెట్టె తీయువాడు రావలెను, సంచి రైలెక్కవలెను. కంప్యూటరులోను అట్టి పెట్టె యొకటి కలదు. ఫ్లాష్ మెమరీలో వ్రాయుట మందకొడి పని; కంప్యూటరులోని తాత్కాలిక మెమరీ దానికంటె ఎన్నోరెట్లు వేగము గలది. కావున ఫైలును ముందు తాత్కాలిక మెమరీలో వేసికొని, పని చేయువానిని కాచుకొనకుండ విడిచిపెట్టి, తీరికగా పెన్‌డ్రైవులోనికి దింపుట ఉపాయము. లినక్సు పద్ధతిలో నడుచు కంప్యూటర్లలో ఇట్లు మారిన సమాచారము సాధారణముగా 30 సెకండ్ల వరకు తాత్కాలిక మెమరీలోనే నిలిచియుండవచ్చును. తెరమీది గీత నిండినదన్నచో ఉత్తరము పెట్టెలో పడినదని మాత్రమే అర్థము.

విండోస్ 10లో 1809 అను కూర్పు వచ్చినది మొదలు మైక్రోసాఫ్టువారు పెన్‌డ్రైవుల విషయములో ఇట్టి నిలువను తగ్గించి, వెంటనే తీసివేయుటకు అనువైన విధానమును ప్రవేశపెట్టినారు. అందుచే ఇపుడు ప్రమాదములు తగ్గవలసినదే. ఐనను పెన్‌డ్రైవు దీపము మినుకుమినుకుమనుచుండగా తీసినచో ఏ విధానమును రక్షింపజాలదు. ‘ఎజెక్ట్’ అను ఆజ్ఞ చేయు పనులు మూడు. పెట్టెలో మిగిలినదంతయు దింపును. లెక్కల పుస్తకమును మూసి, సక్రమముగా మూయబడినదని గుర్తు వేయును. ఇక ఎవ్వరును అందు వ్రాయకుండ తలుపు వేయును. ఆ గుర్తు లేని పెన్‌డ్రైవును మరల గ్రుచ్చినపుడే ‘ఇందులో ఏదో లోపమున్నది, సరిచేయుమందురా’ యని కంప్యూటరు అడుగును.

లెక్కల పుస్తక మన్నది ఏమి? ఇది తెలిసినగాని తరువాతి విషయము బోధపడదు. పెన్‌డ్రైవులోని చోటంతయు సమానమైన గదులుగా విభజింపబడి, ప్రతి గదికిని ఒక సంఖ్య యుండును. ఈ గదిని క్లస్టరు అందురు. ఒక్కొక్క గదిలో 4096 బైట్లు పట్టుననుకొందము. 10,000 బైట్ల మార్కుల పట్టికకు మూడు గదులు కావలెను. మూడవదానిలో 1808 బైట్లు మాత్రమే నిండును. 120, 121 సంఖ్యల గదులు ఖాళీగా నున్నవి. 122 మొదలు వేరొక ఫైలు ఆక్రమించియున్నది. తరువాతి ఖాళీ 205. అప్పుడు పట్టిక ఆ మూడు గదులలో పంచి పెట్టబడును. ఫోల్డరులో ఒక వరుస వ్రాయబడును: ఫైలు పేరు, మొదటి గది 120, పరిమాణము 10,000. ఇక మిగిలిన గదుల జాడ? దానికి వేరొక పట్టిక కలదు. అందు 120 ఎదుట 121 అనియు, 121 ఎదుట 205 అనియు, 205 ఎదుట ‘ఇంతటితో సరి’ అను గుర్తును ఉండును. ఈ గొలుసు పట్టికకు ఫ్యాట్ అని పేరు. మైక్రోసాఫ్టు సంస్థలో 1977లో పుట్టిన ఈ పద్ధతి పెద్దదిగా పెరిగి నేటి పెన్‌డ్రైవులలోను నడుచుచున్నది. ఫ్యాట్-32 అను రకములో గొలుసు పట్టికకు సాధారణముగా రెండు నకళ్ళు ఉండును. 4 గిగాబైట్లను మించిన ఫైళ్ళకై 2006లో వచ్చిన ఎక్స్-ఫ్యాట్ రకములో మామూలుగా ఒకటే నకలు. ఆ మేరకు అది ప్రమాదములకు లోనగును.

కనుక ఒక్క ఫైలును వ్రాయవలెనన్నను మూడు చోట్ల వ్రాయవలెను: గదులలో సమాచారము, గొలుసు పట్టికలో జాడ, ఫోల్డరులో పేరు. మూడును ఒక్క క్షణమున జరుగవు. నడుమ పెన్‌డ్రైవును లాగినచో ఏ పని సగములో నిలిచినదో దానినిబట్టి రోగలక్షణములు వేరువేరుగా నుండును. గదులు నిండి, ఫోల్డరులోని పరిమాణము మాత్రము సరిచేయబడనిచో ఫైలు పేరు కనబడునుగాని పరిమాణము సున్నగా చూపును. గొలుసు వ్రాయబడి పేరు వ్రాయబడనిచో ఆ గదులు యజమాని లేని గదులగును. ఫోల్డరు వ్రాయుచుండగానే ఆగినచో పేర్లకు మారుగా పిచ్చిగీతలవంటి అక్షరములు కనబడును. మొట్టమొదటి పుటకే దెబ్బ తగిలినచో పెన్‌డ్రైవు ఏ పద్ధతిలో గదులుగా విభజింపబడినదో కంప్యూటరునకు అర్థము కాదు. అప్పుడే ఫార్మాట్ చేయుమందురా యని అడుగును. నెట్ సెంటరులో ఉపాధ్యాయుని కెదురైనది ఇదియే. ఈ అన్నిటిలోను నిన్నటివరకు వ్రాసిన ఫైళ్ళు తమ గదులలోనే భద్రముగా నుండుట గమనింపదగినది.

తాళపత్ర గ్రంథమును తలచుకొనిన ఈ సంగతి సులభముగా తెలియును. ఆకుల నడుమ రంధ్రములు చేసి దారము దూర్చి కట్టెడివారు. దారము తెగి, పదిగ్రంథముల ఆకులు కలసిపోయినను ఆకులమీది వ్రాత చెరగదు. వరుస మాత్రమే పోవును. పెన్‌డ్రైవులో గొలుసు పట్టికయే ఆ దారము.

మొదట చేయకూడనివి

దారము తెగిన కట్టను చేతబట్టినవాడు మొట్టమొదట చేయకూడని పని, అదే కట్టలోని ఆకులమీద క్రొత్తగా వ్రాయుట. పెన్‌డ్రైవు విషయములోను ఇంతే. లెక్క పోయిన గదులను కంప్యూటరు ఖాళీ గదులనుకొనును. అందు ఏ క్రొత్త ఫైలు వేసినను పాత ఫైలు గదులమీద పడవచ్చును. ఒకసారి చెరిపి వేరొకటి వ్రాసిన గదిలోని పాత సమాచారమును ఏ పరికరమును తిరిగి తేజాలదు. పోయిన ఫైళ్ళను వెదకు ప్రోగ్రామును దిగుమతి చేసికొని అదే పెన్‌డ్రైవులో పెట్టువారు కూడ కలరు. వెదకబోవు వస్తువును తామే త్రొక్కివేయుదురు.

ఫార్మాట్ చేయుమందురా అన్న ప్రశ్నకు ‘వద్దు’ అనుటయే సమాధానము. త్వరిత ఫార్మాట్ క్రొత్త లెక్కల పుస్తకమును తెరచుటతో సరిపెట్టును. గదుల జోలికి పోదు. అట్టి పొరపాటు జరిగినను ఆశ వదలుకొననక్కరలేదు. కాని పూర్తి ఫార్మాట్ అట్టిది కాదు. విండోస్ విస్టా నాటి నుండి అది గదులన్నిటిలోను సున్నలు నింపుచున్నది. ఆపైన వెదకుటకు ఏమియు మిగులదు.

‘సరిచేయుమందురా’ అను ప్రశ్న అంతకంటె మంచిదిగా తోచునుగాని, దానినిగూడ వెంటనే ఒప్పుకొనరాదు. విండోస్‌లోని చెక్-డిస్క్ అను ప్రోగ్రాము పని లెక్కలను పొందుపరచుట. ఫైలును రక్షించుట దాని ధ్యేయము కాదు. యజమాని లేని గదులను అది ‘ఫౌండ్’ అను ఫోల్డరులో సంఖ్యల పేర్లతో ఫైళ్ళుగా చేసి పెట్టును, అంతవరకు మేలే. కాని పొందిక కుదరని వరుసలను కొట్టివేయును కూడ. అది చేసిన మార్పులు పెన్‌డ్రైవుమీదనే జరుగుటచే వెనుకకు తీసికొనుటకు వీలులేదు. ఆ ప్రోగ్రామును పిలువవలసినది మొత్తమునకు నకలు తీసికొనిన తరువాత.

ఇంకొక రకపు తప్పిపోవుట కూడ కలదు. పలుచోట్ల గ్రుచ్చిన పెన్‌డ్రైవులో ఫైళ్ళన్నియు మాయమై, వాని స్థానమున షార్ట్‌కట్ గుర్తులు మాత్రమే నిలుచును. ఇది వైరస్ పని. ఊడబెరుకుటతో సంబంధము లేదు. ఫైళ్ళు దాచబడియుండునే గాని పోయియుండవు. పెన్‌డ్రైవులో నిండిన చోటు ఎంతయో చూచినచో ఈ సంగతి తెలియును: ఫైళ్ళు కనబడకున్నను చోటు నిండియే యున్నట్లు చూపును. దాచిన ఫైళ్ళను చూపుమని కంప్యూటరును ఆజ్ఞాపించిన చాలును.

వెదకుటకు పూర్వము, ఫైలును తయారుచేసిన కంప్యూటరులో దాని మూలప్రతి ఉన్నదేమో చూడవలెను. ఇది మరీ సామాన్యమైన మాటగా తోచవచ్చును. ఐనను కంగారులో అధికసంఖ్యాకులు మరచునది దీనినే. పట్టికలు, పత్రములు తయారుచేయు ప్రోగ్రాములు కొన్ని నిమిషముల కొకసారి తమంతట తామే తాత్కాలిక ప్రతిని దాచుకొనుట కలదు. ఈమెయిలులో పంపినదియు, అచ్చుకై వేరొక కంప్యూటరులోనికి ఎక్కించినదియు కూడ ప్రతులే.

ఆకులను ఏరుకొనుట

మూలప్రతి దొరకనపుడు మొదటి మెట్టు పెన్‌డ్రైవు మొత్తమునకు అచ్చుగుద్దినట్లు నకలు తీయుట. ఫైళ్ళను కాపీ చేయుట వేరు, ఇది వేరు. ఇందు మొదటి బైటు నుండి చివరి బైటు వరకు, లెక్కయు, గదులును, ఖాళీ యనుకొన్న గదులును సైతము వేరొక డిస్కులో ఒకే పెద్ద ఫైలుగా దించబడును. దీనిని ఇమేజి అందురు. లినక్సులో డీడీ-రెస్క్యూ అను ఉచితమైన ప్రోగ్రాము ఈ పనికి ప్రసిద్ధము; చదువుటకు మొరాయించు భాగములను ప్రక్కనబెట్టి, సులువుగా వచ్చినదంతయు ముందు దించి, పిదప మొండివానికొరకు మరల ప్రయత్నించుట దాని నేర్పు. 16 గిగాబైట్ల పెన్‌డ్రైవును సెకండుకు 20 మెగాబైట్ల చొప్పున చదివినచో 800 సెకండ్లు, అనగా పదుమూడు నిమిషములకు పైగా పట్టును. ఆ కొద్దిపాటి ఓర్పుచే లభించు లాభము గొప్పది. ఇక ఎన్ని ప్రయత్నములు చేసినను నకలుమీదనే. అసలు పెన్‌డ్రైవు కదలక డ్రాయరులో ఉండును.

నకలు చేతికి వచ్చిన పిమ్మట లెక్కల పుస్తకమునే బాగుచేయ యత్నింపవచ్చును. గొలుసు పట్టిక మొదటి నకలు చెడి రెండవది బాగున్నచో దానితో సరిచేయవచ్చును. మొదటి పుట చెడినను, ఫ్యాట్-32లో దాని ప్రతి మరికొన్ని పుటల తరువాత దాచబడియుండును. ఫ్రాన్సు దేశీయుడైన క్రిస్టోఫ్ గ్రెనియే రచించి ఉచితముగా పంచుచున్న టెస్ట్-డిస్క్ అను ప్రోగ్రాము ఇట్టి పనులు చేయును. ఈ దారి ఫలించినచో ఫైళ్ళు పేర్లతో, ఫోల్డర్లతో సహా యథాతథముగా వచ్చును. అంతకంటె అదృష్టము లేదు.

ఫలింపనిచో లెక్కను పూర్తిగా మరచి ఆకులనే చదువవలెను. తాళపత్ర గ్రంథములు వ్రాసినవారు మొదటి ఆకుపైన ‘శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు’ అని వ్రాసి ప్రారంభించుట ఆచారము. చిందరవందరగా పడిన ఆకులలో అట్టి వాక్యము కనబడిన ఆకు ఏదో గ్రంథమునకు మొదటిదని పండితుడు ఊహించును. కంప్యూటరు ఫైళ్ళకును అట్టి ప్రారంభ వాక్యములు కలవు. సామాన్యమైన జేపెగ్ ఫొటో ఏదైనను 255, 216, 255 అను మూడు బైట్లతో మొదలై 255, 217 అను రెండు బైట్లతో ముగియును. పీడీఎఫ్ పత్రము 37, 80, 68, 70తో మొదలగును. మొదటిది శాతము గుర్తు, తక్కిన మూడును పి, డి, ఎఫ్ అను ఆంగ్లాక్షరముల సంకేతములు. నేటి వర్డు, ఎక్సెల్ పత్రములు నిజమునకు జిప్ పద్ధతిలో మూటగట్టిన ఫైళ్ళు. అవి 80, 75, 3, 4తో మొదలగును. 80, 75 అనునవి పి, కె అక్షరములు: ఆ పద్ధతిని కల్పించిన ఫిల్ కాట్జ్ పేరులోని మొదటి అక్షరములు! ఆయన 2000 సంవత్సరమున మరణించినను ఆయన పొడి అక్షరములు నేటికిని ప్రపంచములోని ప్రతి మార్కుల పట్టికకును నుదుటి వ్రాతగా నిలిచియున్నవి. గ్రెనియే రచించిన ఫోటో-రెక్ అను ప్రోగ్రాము గదులన్నిటిని వరుసగా చూచుచు ఇట్టి గుర్తులు కనబడినచోట ఫైలు మొదలైనదని గ్రహించి, దానిని వెలికి తీయును. పేరునకు ఫొటోలకై పుట్టినను అది పత్రములను, పాటలను, ఇంకను వందలకొలది రకముల ఫైళ్ళను గుర్తింపగలదు.

ప్రారంభ వాక్యము లేని ఫైళ్ళును కలవు. అలంకరణ లేని సాదా అక్షరముల ఫైలు అట్టిది. తెలుగులో వ్రాసినవారికి ఇచట ఒక చక్కని సౌకర్యము లభించినది. యూనికోడు ప్రమాణములో తెలుగు అక్షరములకు 3072 మొదలు 3199 వరకు సంఖ్యలు కేటాయింపబడినవి. యూటీఎఫ్-8 అను పద్ధతిలో వానిలో ప్రతిదియు మూడు బైట్లుగా వ్రాయబడును. మొదటి బైటు ఎల్లప్పుడును 224, రెండవది 176 గాని 177 గాని, మూడవదే మారుచుండును. ‘అ’ అనగా 224, 176, 133. ‘తెలుగు’ అను మాటలో త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతములు. మొత్తము పదునెనిమిది బైట్లు. కావున మూడేసి బైట్ల కొకసారి 224యు, దాని వెంటనే 176 గాని 177 గాని పలుకరించుచుండు గది తెలుగు వ్రాత గల గదియని, ఫైలు పేరు, మొదలు, తుది ఏమియు తెలియకున్నను, నిస్సందేహముగా చెప్పవచ్చును. కాని యూనికోడునకు పూర్వపు అచ్చు ఫాంటులతో కూర్చిన తెలుగునకు ఈ గుర్తు ఉండదు. అది లోపల ఆంగ్లాక్షరముల సంకేతములనే తొడుగుకొనియుండును. మూటగట్టిన వర్డు పత్రములలోను నేరుగా కనబడదు.

ఆకులను ఏరు పద్ధతికి లోపములు లేకపోలేదు. ఫైలు పేరు ఫోల్డరులో ఉండునేగాని ఫైలులో ఉండదు. అందుచే వెలికి వచ్చిన ఫైళ్ళు సంఖ్యల పేర్లతో వందలకొలదిగా వచ్చి పడును. ఒక్కొక్కదానిని తెరచి చూచుకొనవలసినదే. గదులు వరుసగా నున్న ఫైలు చక్కగా వచ్చును. మన మార్కుల పట్టికవలె 121 నుండి 205కు దూకిన ఫైలు విషయములో, గొలుసు పోయిన పిమ్మట ఆ దూకుడు తెలియదు. 122వ గదిలోని పరాయి సమాచారము వచ్చి అతుకుకొనును. ఫొటో అయినచో పైసగము స్పష్టముగాను, క్రిందిసగము బూడిదరంగుగానో రంగుల గజిబిజిగానో కనబడును. సగము వ్రాయబడిన ఫొటోయు పై భాగమును చూపుననుట సంతోషమే. జిప్ మూటల సంగతి అట్లు కాదు. వాని విషయసూచిక చివర ఉండును. చివరి భాగము లేని మూటను ప్రోగ్రాములు తెరువ నిరాకరించును. ఐనను మూటలోని ప్రతి భాగమునకును దాని పేరు ముందుగా వ్రాయబడియుండుటచే, మూటను బాగుచేయు పరికరములతో లోపలి వ్రాతలో కొంత భాగమును రాబట్టుట సాధ్యమగుచుండును.

ఎచట ఆశ తక్కువ

పైన చెప్పినదంతయు కంట్రోలరు ఆరోగ్యముగా నున్నపుడే. ఫ్లాష్ మెమరీలో వ్రాసినదానిమీద నేరుగా మరల వ్రాయ వీలులేదు. పెద్ద పెద్ద భాగములుగా చెరిపి, పిమ్మట పుటలు పుటలుగా వ్రాయవలెను. అందుచే కంట్రోలరు క్రొత్త సమాచారమును వేరొక తావున వ్రాసి, కంప్యూటరు 120వ గది యని పిలుచునది చిప్పులో వాస్తవముగా ఎచట ఉన్నదో తన సొంత పట్టికలో గుర్తుంచుకొనును. ఆ పట్టికను దిద్దుకొనుచుండగా విద్యుత్తు పోయినచో లెక్కలకు లెక్కయే చెడును. పెన్‌డ్రైవు తన పరిమాణము సున్న అనియో, లోపల డిస్కు లేదనియో చెప్పును. అప్పుడు ఏ ప్రోగ్రామును పనికిరాదు. ప్రత్యేకమైన ప్రయోగశాలలో మెమరీ చిప్పును ఊడదీసి నేరుగా చదివి, కంట్రోలరు కలగాపులగము చేసిన వరుసను గణితముచే విడదీయుట యొక్కటే మార్గము. అది ఖర్చుతోను కాలముతోను కూడినది. పదేండ్ల ప్రశ్నపత్రముల కొరకు చేయదగునో లేదో ఎవరికి వారు ఆలోచించుకొనవలసినదే.

కంప్యూటరు లోపల నుండు ఎస్.ఎస్.డి. డిస్కుల విషయమును వేరు. అవియు ఫ్లాష్ మెమరీతో చేసినవే. ఐనను ఫైలును తొలగించినపుడు, ఆ గదులు ఇక అక్కరలేదని కంప్యూటరు వానికి వెంటనే తెలియజేయును. డిస్కు తీరిక చూచుకొని చెరిపివేయును. కావున అచట తొలగించిన ఫైళ్ళు దొరకుట అరుదు. ఇట్టి కబురు సాధారణముగా పెన్‌డ్రైవులకు అందకపోవుట మన పాలిట మేలైనది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

విలువైనదేదియు లేని పాత పెన్‌డ్రైవు నొకదానిని తీసికొని పూర్తి ఫార్మాట్ చేయవలెను. గదులన్నియు సున్నలగును. అందు పది ఫొటోలను, ‘తెలుగు’ అను మాటను నూరుసార్లు వ్రాసిన సాదా ఫైలు నొకదానిని ఎక్కించి, సక్రమముగా ఎజెక్ట్ చేసి, మరల గ్రుచ్చి, అన్నిటిని తొలగింపవలెను. పెన్‌డ్రైవు ఖాళీ యని కంప్యూటరు చూపును. ఇపుడు ఇమేజి తీసి, బైట్లను చూపు ప్రోగ్రాములో దానిని తెరచి విద్యార్థులకు చూపవలెను. అట్టి ప్రోగ్రాములు అంకెలను పదునారింటి లెక్కలో చూపును; 224 అచట ‘ఇ’ అను ఆంగ్లాక్షరము ప్రక్కన సున్నగాను, 176 ‘బి’ ప్రక్కన సున్నగాను, 177 ‘బి’ ప్రక్కన ఒకటిగాను కనబడును. ఫోల్డరు వరుసలు గుర్తించినచో, ఫ్యాట్-32లో తొలగించిన ప్రతి ఫైలు పేరులోను మొదటి అక్షరము మాత్రము 229 అను సంఖ్యగా మారి, తక్కిన అక్షరములు నిలిచియుండుట కూడ చూడవచ్చును. తొలగింపు అనగా కంప్యూటరు చేసిన పని ఆ ఒక్క అక్షరమును మార్చుట, గొలుసు పట్టికలో ఆ ఫైలు వరుసలను సున్న చేయుట, అంతే.

పిమ్మట ఫోటో-రెక్ చేత ఫొటోలను వెలికి తీయించి, పదింటిలో ఎన్ని వచ్చినవో వ్రాసికొనవలెను. తరువాత అదే పెన్‌డ్రైవులో పెద్ద వీడియో ఫైలు నొకదానిని సగము చోటు నిండునట్లు వేసి, మరల ఇమేజి తీసి వెదకవలెను; చోటు పూర్తిగా నిండునట్లు ఇంకొకటి వేసి మూడవసారి వెదకవలెను. మూడు సంఖ్యలను ప్రక్కప్రక్కన నల్లబల్లమీద వ్రాసి, మొదటిసారి వచ్చి రెండవసారి రానివి ఏవో, అవి ఏ గదులలో నుండెనో ఇమేజిలో పోల్చి చూచుట విద్యార్థులకు వదలవచ్చును.